టెస్టర్ల విద్య

సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కోడ్ రాసేవారికి వచ్చే పేరు టెస్టర్లకు, అంటే తయారైన ప్రోగ్రామ్ ఎక్కడ తప్పుతుందో వెతికి పట్టుకునేవారికి, అరుదుగా దక్కుతుంది; నిజానికి వారిది ఓర్పూ ఊహా సమానంగా కావలసిన విద్య. 1 నుంచి 100 వరకు సంఖ్యలు తీసుకోవలసిన గడిలో వారు 50 వేసి సరిపెట్టుకోక 0, 1, 100, 101 కూడా వేసి చూస్తారు, ఎందుకంటే తప్పులు తరచుగా హద్దుల దగ్గరే దాగి ఉంటాయి. దీనినే హద్దు విలువల పరీక్ష అంటారు. దొరికిన తప్పును ఏ ఫోన్‌లో, ఏ వెర్షన్‌లో, ఏమేం నొక్కితే వచ్చిందో, మరొకరు చదివి మళ్లీ రప్పించగలిగేంత స్పష్టంగా రాయడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం.

ఈ విద్య విలువ తెలుగు లిపి విషయంలోనే ఒకసారి లోకానికి తెలిసివచ్చింది. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, దాని తర్వాత అక్షరాలను కలవనీయని, కంటికి కనబడని ఒక సంకేతం, చివర దీర్ఘం, ఈ వరుసలో ‘జ్ఞా’ సందేశంగా వస్తే ఐఫోన్‌లో ఆ సందేశాన్ని చూపే యాప్ కుప్పకూలేది. ఆపిల్ అదే నెలలో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి దానిని సరిదిద్దింది. ఒత్తులూ గుణింతాలూ ఎన్ని విధాల కలుస్తాయో ఎరిగినవారికే ఇటువంటి పరీక్షలు తోస్తాయి కనుక, తెలుగులో వచ్చే ప్రతి యాప్‌నూ విడుదలకు ముందు తెలుగు బాగా తెలిసిన టెస్టర్ చేత పరీక్ష చేయించాలి.