ఏ మాటా ఖాళీగా ఉండని చోటు

వారంలో రోజులన్నీ కలిస్తే సంవత్సరమట, కన్నీరు పెట్టు. రెండక్షరాలు.

ఆదివారం గడి ముందు కూర్చున్నవాళ్ళకి ఇలాంటి ఆధారం ఎదురైతే మొదట కలిగేది చికాకు. వారానికీ సంవత్సరానికీ లెక్క కుదరదు. కుదరని లెక్కకి కన్నీళ్ళెందుకో తెలియదు. వాక్యాన్ని వాక్యంగా చదివినంతసేపూ దారి దొరకదు. దాన్ని మూడు ముక్కలుగా విరిచి చూడండి. వారంలో రోజులన్నీ కలిస్తే ఏడు. సంవత్సరమన్నా ఏడే. కన్నీరు పెట్టు అన్నా ఏడే. జవాబుని ఒకసారి కాదు, మూడుసార్లు మన ముందు పెట్టారు. దాచింది ఏమీ లేదు. మన చూపుని మాత్రం వేరే వైపు తిప్పారు. మధ్యలో ఉన్న ‘అట’ ఒక్కటే అతుకు. మిగిలిన ప్రతి మాటకీ పని ఉంది.

కఠినమైన గడికీ చెత్త గడికీ తేడా ఇక్కడే ఉంది. ఎవరికీ తెలియని మాటని నిఘంటువులోంచి తవ్వి తీసి, దానికి అరకొర అర్థం రాసి కష్టపెట్టడం ఎవరైనా చేయగలరు. అందరికీ తెలిసిన మాటనే ఇచ్చి గంటసేపు తిప్పగలగడం పనితనం. జవాబు దొరికాక పూరించినవాళ్ళు ‘ఇది న్యాయం కాదు’ అనకుండా ‘అయ్యో, కళ్ళముందే ఉందే’ అనుకోవాలి. ఆ ‘అయ్యో’ కోసమే కూర్పరి అంత శ్రమ పడేది.

(ఈ వ్యాసంలోని ఆధారాలన్నీ నేను అల్లినవే. అచ్చయిన గళ్ళలోంచి తీసి విప్పి చెబితే, రేపు వాటిని పూరించబోయేవాళ్ళ ఆనందాన్ని నేను లాక్కున్నట్టవుతుంది.)

ఈ ఆటకి పుట్టినిల్లు అమెరికా. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రాకారంలో ఒక గడి వేశాడు. అందులో ఉన్నవి సూటి అర్థాలే. మెలికలన్నీ ఇంగ్లండులో పుట్టాయి. 1926 నుంచి ‘అబ్జర్వర్’ పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్ చేసిన గళ్ళు పూర్తిగా గూఢార్థాలతో నడిచేవి. వాటి కష్టానికి హద్దులు పెట్టి శాస్త్రంగా మార్చినవాళ్ళు ఆ తర్వాత వచ్చారు. ఆఫ్రిట్ పేరుతో రాసిన ఎ.ఎఫ్. రిచీ 1949లో ఒక నియమం పెట్టాడు. కూర్పరి పైకి చెప్పినదాని భావం నిజం కానక్కర్లేదు, కానీ అక్షరాలా చెప్పవలసినది మాత్రం చెప్పి తీరాలన్నది దాని సారం. జిమినీజ్ అనే మారుపేరుతో డెరిక్ మాక్‌నట్ 1966లో పుస్తకమే రాసి, ఆధారంలో రెండే భాగాలుండాలని తేల్చాడు: ఒకటి జవాబు అర్థం, రెండోది జవాబు అక్షరాలకి దారి. ఈ రెండూ కాని మాట ఒక్కటున్నా అది దోషమే.

తెలుగువాళ్ళకి ఇది కొత్త విద్య అనిపించకపోవడానికి కారణం ఉంది. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో అవే పద్యాలతో రామాయణమూ భారతమూ రెండూ నడిపాడు. శ్లేష మన సొత్తు. అవధానంలో నిషిద్ధాక్షరి దగ్గర ప్రతి అక్షరానికీ అడ్డు తగులుతుంటే పద్యం పూర్తిచేసే విద్య మనకు వినోదం. అందుకే గడి తెలుగులోకి వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళు సామాన్యులు కారు. శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ కూర్చాడు. ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ కూర్చాడు. కవులిద్దరూ దీన్ని చిల్లర పనిగా చూడలేదు. ఇప్పుడు ‘ఈమాట’ పత్రికలో వచ్చే ‘గడినుడి’ కూడా ఆ తోవలో నడిచేదే.

ఇంగ్లీషు గడికంటే తెలుగు గడి కూర్చడం ఎంత కష్టమో చాలామంది గమనించరు. ఇంగ్లీషువాళ్ళకి గడిలో పెట్టడానికి ఉన్నవి ఇరవయ్యారు అక్షరాలు. మనకి ఒక్క హల్లుకే పదిహేను దాకా గుణింత రూపాలు, పైన ఒత్తులు. అడ్డం మాటా నిలువు మాటా కలిసే గడిలో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ రెండిటికీ సరిపోవాలి. మా జంషెడ్‌పూర్ నదినే తీసుకుందాం. సువర్ణరేఖ. ఐదు గళ్ళు: సు, వ, ర్ణ, రే, ఖ. ఇది అడ్డంగా పడితే మూడో గడిలోని ‘ర్ణ’ మీదుగా నిలువు మాట దిగాలి. కర్ణుడు అనుకుంటాం. పనికిరాడు, ఆయన దగ్గరున్నది ‘ర్ణు’. పర్ణశాల పనికొస్తుంది. నిర్ణయం, వర్ణన, అర్ణవం, కర్ణభేరి, పూర్ణకుంభం. వెతికితే మరికొన్ని. ఇప్పుడు పర్ణశాల ఎంచుకుంటే ‘ర్ణ’ కింద ‘శా’ వస్తుంది. ఆ ‘శా’ మళ్ళీ ఇంకో అడ్డం మాటని అడుగుతుంది. నిర్ణయం ఎంచుకుంటే ‘యం’. మధ్యలో ‘యం’ ఉన్న మాట వెతుక్కోవాలి. ప్రియంవద లాంటివి ఎన్ని దొరుకుతాయి? అందుకే అనుభవమున్న కూర్పరి సున్నాతో ముగిసే మాటని నిలువుగా పెట్టేటప్పుడు, ఆ చివరి గడి అడ్డం మాటకీ చివరే అయ్యేట్టు చూసుకుంటారు. లేదంటే పక్కన నల్లగడి వేసి ఊపిరి పీల్చుకుంటారు. పూరించేవాళ్ళకి నల్లగడి ఖాళీ చోటు. కూర్పరికి అది ఖర్చు.

అదే అడ్డం మాట చివర ‘ఖ’ ఉంది. ఇక్కడ జంషెడ్‌పూర్‌వాళ్ళకి ఒక ఆశ పుడుతుంది. సోనారి దగ్గర దోముహానిలో సువర్ణరేఖతో కలిసే నది ఖర్కాయి. అదీ ‘ఖ’తోనే మొదలు. ఒక నది చివరి గడి నుంచి రెండో నది నిలువుగా దిగుతుంది. పటంలో కలిసే నదులు గడిలోనూ కలుస్తాయి. ఇంతకంటే అందమైన కూడలి ఏ ఊరివాళ్ళకి దొరుకుతుంది? అయినా నిజాయితీ ఉన్న కూర్పరి దాన్ని వదులుకుంటారు. తెలుగులో ఆ నది పేరుని ఒకరు ఖర్కాయి అని, ఒకరు ఖర్కై అని, ఒకరు ఖరకయి అని రాస్తారు. గళ్ళ సంఖ్య చెప్పినా, పూరించేవాళ్ళ చేతిలో వేరే రూపముంటే పక్క మాటలన్నీ చెడిపోతాయి. తనకి ఎంతో నచ్చిన కూడలిని పూరించేవాళ్ళ కోసం చెరిపేయడం నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికంటే గొప్ప క్షణం. దాన్ని చూసేవాళ్ళెవరూ ఉండరు.

సువర్ణరేఖకి ఆధారం ఇలా రాయవచ్చు: బంగారు గీత జంషెడ్‌పూర్‌ను దాటిపోతుంది. సువర్ణం బంగారం, రేఖ గీత, దాటిపోయేది నది. ‘ఒక గీత గీసుకుంటూ’ అని కలిపితే చదవడానికి ఇంకా బాగుంటుంది. కలపకూడదు. ‘గీసుకుంటూ’కి జవాబులో చోటు లేదు. ఆ నది ఇసుకలో బంగారు రేణువులు ఏరిన మాట నిజం కాబట్టి, పైకి కనిపించే వాక్యం కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఆధారం అలా రెండు వైపులా నిలబడినప్పుడు దాన్ని కదిలించడం ఎవరివల్లా కాదు. మా కదమాలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మంచి ఆధారాన్ని షాఫ్టుకి సరిగ్గా కూర్చున్న బేరింగుతో పోలుస్తారు. బిగుతైతే తిరగదు, వదులైతే అదురుతుంది. ఆయన పోలికకి నేను చేర్చవలసింది ఏమీ లేదు.

మెలికల పనిముట్లు కొన్నే. తిప్పడం ఒకటి: ‘వెనుదిరిగిన కలప, అక్షరాలు దిద్దుకోవడానికి’. మూడక్షరాలు. కలపని వెనకనుంచి చదివితే పలక. చెక్క చట్రం పలకల మీద దిద్దినవాళ్ళకి ఆ రెండు మాటల బంధుత్వం రెండుసార్లు తాకుతుంది. కలగలపడం ఇంకొకటి: ‘కారణం చెప్పడానికి నవల కలగాపులగం చేశారు’. జవాబు వలన. దాచడం మూడోది: ‘చూసిన దివిటీలో దాగిన ఏరు’. రెండు మాటల సందులో నది పారుతోంది, చూడండి. ఇముడ్చుకోవడం నాలుగోది: ‘కలంలో మకారం పెడితే కొలనులో పూస్తుంది’. కమలం. తల తీయడం, తోక కోయడం అందరికీ తెలిసినవే. ‘తల తీసిన నగరం వేడెక్కింది’ అంటే గరం అని రాయడానికి మే నెలలో ఇక్కడ ఉన్నవాళ్ళకి క్షణం పట్టదు.

కలగలపడం దగ్గర తెలుగు కూర్పరికి ఒక పరీక్ష ఉంది. కలవరం, కలరవం. చెవికి ఎంత దగ్గరి మాటలో! ఒకటి గుండె గుబులు, ఒకటి పక్షుల పాట. కలవరం చెదిరితే కలరవం అని రాయాలని ఎవరికైనా చేయి లాగుతుంది. కానీ గళ్ళలో పెట్టి చూస్తే మొదటిదానిలో సున్నా ‘ర’ మీద ఉంది, రెండోదానిలో ‘వ’ మీద ఉంది. ‘వ’, ‘ర’ చోట్లు మార్చుకున్నాయి, సున్నా మాత్రం చివరి గడిలోనే ఉండిపోయి అక్షరం మారింది. అక్షరాన్ని విడగొట్టకూడదన్నది తెలుగు గడి ప్రాథమిక న్యాయం. ఈ ఆధారాన్ని కొందరు ఒప్పుకుంటారు. నేను ఒప్పుకోను. ఇంత అందంగా ఉన్నా ఒప్పుకోను.

భారతదేశంలో ఈ పనికి కూర్చున్నవాళ్ళలో నాకు అందరికంటే గౌరవం కలిగించేది నావికుడైన రామదాస్ కటారి. 1911లో చెంగల్పట్టులో పుట్టాడు. 1958 ఏప్రిల్‌లో భారత నౌకాదళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు. 1961 డిసెంబరులో గోవా విముక్తి జరిగినప్పుడు నౌకాదళం ఆయన చేతిలోనే ఉంది. తర్వాత బర్మాలో రాయబారిగా పనిచేశాడు. ‘ది హిందూ’ పత్రిక 1971లో సొంతంగా గడి కూర్పించుకోవడం మొదలుపెట్టినప్పుడు ఆ బాధ్యత తీసుకుని, 1983లో చనిపోయేదాకా మోశాడు. యుద్ధనౌకలకు ఆజ్ఞలిచ్చిన మనిషి, పదిహేను గళ్ళ చదరంలో ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చూసుకుంటూ పన్నెండేళ్ళు గడిపాడు. నౌకాదళంలో సంకేతం పంపేవాడు ఒక్క మాట ఎక్కువ వాడడు, ఒక్క మాట తక్కువ వాడడు. ఆ శిక్షణ ఈ పనికి వచ్చిందని నా నమ్మకం.

పూరించేవాళ్ళ పనితనం కూడా తక్కువది కాదు. వారాంతపు గడి ఒక్కసారి కూర్చుంటే తేలదు. మొదటిసారి చదివినప్పుడు దాగిన మాటలు, తిప్పిన మాటలు కొన్ని పడతాయి. వాటి కూడళ్ళు మరికొన్నిటిని ఇస్తాయి. తర్వాత ఒక మూల మొండికేస్తుంది. అక్కడ చేయవలసింది జవాబు ఊహించడం కాదు, ఆధారాన్ని ఎక్కడ విరవాలో వెతకడం. మనం పేరనుకున్నది క్రియ అయి ఉండవచ్చు. మనం కామా దగ్గర ఆగితే, అసలు విరుపు ఇంకో మాట అవతల ఉండవచ్చు. జంషెడ్‌పూర్‌లో బి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు గడిని మధ్యాహ్నం మడిచి వెళ్ళి, రాత్రి పది దాటాక ఇంటికొచ్చి మళ్ళీ తెరిస్తే ఆ మూల చటుక్కున విడిపోవడం నేను చాలాసార్లు చూశాను. కాస్త దూరంగా ఉండి వస్తే పాత విరుపు మీద పట్టు వదులుతుంది, అంతే.

ఇక్కడి తెలుగువాళ్ళకి ఇది ఇంకో రకంగా కూడా అవసరం. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చిలో ఉక్కు తయారైన నాటి నుంచి పని వెతుక్కుంటూ తెలుగువాళ్ళు ఈ ఊరికి వచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ళు వేసుకున్న వేరు. మనవలు మాత్రం హిందీలో ఆడుకుని ఇంగ్లీషులో చదువుకుంటారు. ఇంట్లో వాడే తెలుగుకి వందల మాటలు చాలు. అర్ణవం, పర్ణశాల ఇంట్లో వినపడవు. గడి వాటిని అడుగుతుంది. తాతకి మాట తెలుసు, మనవడికి మెలిక తెలుసు. పెన్సిలు ఒకటే.

తెలుగు పత్రికల సంపాదకులకి ఒక మనవి. గడి కింద కూర్పరి పేరు కథ కింద రచయిత పేరు వేసినంత పెద్ద అక్షరాల్లో వేయండి. మరుసటి వారం జవాబులు మాత్రమే కాకుండా, ఏ ఆధారం ఎలా విడిపోతుందో నాలుగు వాక్యాల్లో రాయించండి. వివరణ లేని జవాబు కొత్తవాళ్ళకి ఏమీ నేర్పదు. పాఠకులకీ ఒక మాట: ఈ ఆదివారం గడి పూర్తయినా కాకపోయినా, మీ ఊరి పేరుకో మీ నది పేరుకో ఒక ఆధారం మీరే రాసి చూడండి. రాశాక అందులో పనిలేని మాట ఒక్కటి కనిపించినా కొట్టేయండి.