పంది, చెరువు, గుర్రపు డెక్క

సింగపూర్‌లో జురాంగ్ వెస్ట్ అంటే ఇవాళ బారులు తీరిన ప్రభుత్వ (హెచ్‌డీబీ) ఇళ్లు, బూన్ లే మెట్రో స్టేషన్. 1960ల్లో జురాంగ్‌లో పారిశ్రామికవాడ లేస్తున్న నాటికి ఈ చుట్టుపక్కల ఉన్నవి రబ్బరు తోటలు, రొయ్యల చెరువులు, కంపోంగ్‌లనే పల్లెలు. అక్కడి చైనా రైతు కుటుంబాలు చిన్న కమతాల్లోనే పందుల్ని, చేపల్ని, కూరగాయల్ని కలిపి పెంచేవి. ఆ కలపడంలోనే అసలు పనితనమంతా ఉంది.

మొదట దొడ్డి. పైన తాటాకు లాంటి అటాప్ కప్పు, చుట్టూ గాలి ఆడేలా సగం గోడ, కింద సిమెంటు నేల. ఆ నేలకు ఒక వైపు వాలు ఉండేది. పందికి చెమట దాదాపు పట్టదు, అందుకే ఎండకాలంలో బురద వెతుక్కుంటుంది. ఇక్కడ బురద బదులు రోజూ నేలనూ పందినీ కలిపి కడిగే నీళ్లుండేవి. ఒంటికి చల్లదనం, నేలకు శుభ్రం. కడిగిన నీళ్లు వాలు పట్టుకుని కాలవలోకి, కాలవ నుంచి చెరువులోకి పోయేవి.

చెరువులో ఆ పేడనీళ్లు సత్తువ ఎరువు. నీళ్లు పచ్చబడి నాచు పుడుతుంది. దాన్ని వెండి కార్ప్ చేప వడగట్టి తింటుంది. నాచు తినే సూక్ష్మజీవుల్ని బిగ్‌హెడ్ కార్ప్ తింటుంది. గట్టు మీద కోసి వేసిన గడ్డి గ్రాస్ కార్ప్‌ది, అడుగున పేరుకున్నది మామూలు కార్ప్‌ది. ఒకే నీటిలో నాలుగు నోళ్లు, ఒకదాని కూడుకు ఇంకొకటి పెద్దగా పోటీ రాదు. అడుగు మట్టి తోడితే కూరమళ్లకు పోతుంది.

మిగిలిన సత్తువను లాగేది గుర్రపు డెక్క. కొల్లేరులో మనం తిట్టుకుంటూ పీకి పారేసే మొక్కే. ఈ రైతులు దాన్ని వెదురు గడలు అడ్డం కట్టి ఒక మూలకే పరిమితం చేసేవారు. చెరువంతా కమ్మితే నాచుకు వెలుగుండదు, చేపకు ఊపిరాడదు. కోసిన డెక్కను తరిగి, అరటి బోదె, చిలగడదుంప తీగ చేర్చి, పెద్ద బాండీలో కట్టెల మీద ఉడకబెట్టేవారు. దిగాక తవుడు, కొబ్బరి చెక్క, టోఫు చేయగా మిగిలిన సోయా పిప్పి కలిపితే కుడితి తయారు. ఉడకడం వల్ల పీచు మెత్తబడటమే కాదు, చెరువు నుంచి తిరిగొచ్చే పురుగుల గుడ్లు చస్తాయి. పేడ నుంచి తిండి దాకా వచ్చే ఈ చక్రంలో రోగం కూడా తిరిగి రావచ్చు. దాన్ని తెంపేది ఆ బాండీ కింది మంటే.

ఈనే వేళ పని ఇంకా సున్నితం. చూలు 114 రోజులు. పుట్టిన పిల్ల కిలో, కిలోన్నర ఉంటుంది. ఒంటి మీద కొవ్వూ బొచ్చూ లేనట్టే. దానికి 32 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి, తల్లికేమో చల్లదనం కావాలి. అందుకే పిల్లలకు ఒక మూల ఎండుగడ్డి పరిచేవారు. తల్లి దభాలున పడుకుంటే పిల్లలు నలిగిపోకుండా గోడ వెంబడి జానెడెత్తున గొట్టం బిగించేవారు. పిల్ల దాని కిందికి దూరేది. తల్లి కడుపులో రోగనిరోధక శక్తి అందదు కనుక మొదటి రోజే ముర్రుపాలు దొరకాలి. కొద్ది రోజుల్లో ప్రతి పిల్లా తన చన్ను ఎంచుకుని దాన్నే పట్టుకుంటుంది. పాలు దిగేది ఒక్కో విడతకు ఏ ఇరవై సెకన్లో. అంతకు ముందు తల్లి గురగుర వేగం పెరుగుతుంది, పిల్లలకు అదే పిలుపు. ఆ పాలలో ఇనుము తక్కువ. మట్టిలో పెరిగే పిల్ల నేల నుంచి తెచ్చుకుంటుంది, సిమెంటు నేల మీది పిల్లకు ఎర్రమట్టి వేయాలి, లేదా మూడో రోజు ఇంజెక్షన్ ఇవ్వాలి. నేల శుభ్రంగా ఉంచినందుకు రైతు చెల్లించే బాకీ ఇది.

ఇదంతా నిలబడేది పాళ్ల మీద. పేడ ఎక్కువైతే రాత్రంతా నాచు, క్రిములు నీటిలోని ఆక్సిజన్ పీల్చేస్తాయి. తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకెత్తి కనిపిస్తే ఆ రోజు కడుగునీళ్లు వేరే వైపు మళ్లించాల్సిందే. నగరం పెరిగి మాంసం గిరాకీ పెరిగాక, ఒక్కో చోట వందలు, వేల పందులు చేరాక చెరువుకు ఆ పాళ్లు తప్పాయి. నీళ్లు మలినం కాకుండా 1970ల్లో క్రాంజీ జలాశయపు పరీవాహకంలోని దొడ్లను ఖాళీ చేయించి పుంగోల్ వైపు పంపారు. అక్కడ మలినజలాల శుద్ధికి ప్లాంటు కట్టారు. చెరువూ డెక్కా చేపలూ కలిసి చేసిన పనికి అక్కడ యంత్రాలు, కరెంటు కావలసి వచ్చాయి. 1984లో ప్రభుత్వం పందుల పెంపకాన్ని దశలవారీగా ఆపాలని నిర్ణయించింది. 1990 నాటికి చివరి దొడ్లూ మూతపడ్డాయి.