బరువు గడి

మా ఓపీ గది తలుపు పక్కన ఒక బరువు మిషన్ ఉంటుంది. గుండ్రటి డయలు, ఎర్రటి ముల్లు, కాళ్లు పెట్టే చోట అరిగిపోయిన నల్ల రబ్బరు. పొద్దున గదిలోకి రాగానే ముందు దాని దగ్గర వంగుతాను. ముల్లు సున్నా మీద నిలిచిందో లేదో చూసి, పక్కనున్న చిన్న చక్రం తిప్పి సరిచేశాకే కుర్చీలో కూర్చుంటాను. ఛాతీ వైద్యంలోకి వచ్చి ఇరవై రెండేళ్లు. ఈ అలవాటు మాత్రం తప్పలేదు. కొత్తగా వచ్చిన హౌస్‌సర్జన్లు అరకిలో తేడాకు ఇంత పట్టింపు దేనికని అడుగుతారు. వాళ్లకు లెక్క చూపిస్తాను. క్షయ మాత్రలు బరువును బట్టి ఇస్తాం. 25 నుంచి 34 కిలోల దాకా రోజుకు రెండు, 35 నుంచి 49 దాకా మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు. ముల్లు అరకిలో జరిగితే ఒక మనిషికి రోజూ ఒక మాత్ర తేడా వస్తుంది.

అందుకే చెప్పులు విప్పమంటాను. కొంగున ముడేసిన చిల్లర, బొడ్లో దోపుకున్న తాళంచెవుల గుత్తి, చేతిలో ఫోను అన్నీ తీసి బల్ల మీద పెట్టమంటాను. వయసు మళ్లిన ఆడవాళ్లు కొంగు ముడి విప్పడానికి కాస్త ఇబ్బంది పడతారు. తొందరపెట్టను. మిషన్ ఎక్కాక ఎవరైనా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి ముల్లు వైపు చూస్తారు. ఆ క్షణంలో చూసే ముఖమే నాకు సగం రోగ చరిత్ర చెబుతుంది.

నా దగ్గరికి నిజామాబాద్, జగిత్యాల జిల్లాల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. కిందటేడు మెట్‌పల్లి వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. రెండు నెలల దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, జాకెట్టు వదులై భుజం మీంచి జారుతోంది. భర్త దుబాయిలో. ఇద్దరు పిల్లలు, అత్త. ముల్లు ముప్పై నాలుగున్నర దగ్గర ఆగింది.

"ఏం పని చేస్తవమ్మా?" అని అడిగాను.

"ఏం పని లేదు డాక్టరమ్మా. ఇంట్లనే ఉంట. బీడీలు చేస్త."

ఈ జవాబు ఎన్ని వందల సార్లు విన్నానో. వెయ్యి బీడీలు చుడితే ఇంత అని కూలి. తునికాకు నానబెట్టాలి, కొలతకు కత్తిరించాలి, చాట ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చుని ఒక్కో ఆకులో చిటికెడు తంబాకు పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. పొద్దున వంట చేస్తూ మొదలుపెడితే రాత్రి పిల్లలు పడుకునేదాకా. గాలికి తంబాకు ఎగిరిపోతుందని ఫ్యాను వేసుకోరు, తలుపు దగ్గరగా వేసుకుంటారు. క్షయ క్రిమికి ఇంతకంటే అనువైన గది ఏముంటుంది? పది గంటలు ఇలా వంగి కూర్చున్న మనిషి తనకు పని లేదని చెబుతుంది. అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో ఎవరూ దాన్ని పని అని పిలవరు. పని లేనివాళ్లకు తిండి తక్కువైనా సరిపోతుందన్న లెక్క కూడా ఆ ఇంట్లో ఎక్కడో ఉంటుంది.

"ఏం తింటున్నవు?"

"అన్నమే. అందరు తిన్నంక."

కేస్ షీటులో వయసుకు గడి ఉంది, బరువుకు ఉంది, తెమడ పరీక్షకు ఉంది, షుగరుకు ఉంది. 'అందరు తిన్నంక' అని రాసుకునే గడి లేదు. నేను చదువుకున్న రోజుల్లో ఆ మాట చెవిన పడినా కలం కదిలేది కాదు. ఎందుకు కదల్లేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

క్షయ అన్న పేరులోనే తరిగిపోవడం ఉంది. మందులు లేని కాలంలో ఈ జబ్బుకు వైద్యమంటే విశ్రాంతి, గాలి, మంచి తిండి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం 1912లో ఆరంభమైన సంస్థ. క్షయ వచ్చిందంటే అలాంటి చోటికి వెళ్లి నెలల తరబడి పడకేయాలి. వెళ్లగలిగినవాళ్లు ఎందరు? పడకలు కొన్ని, రోగులు లక్షలు. మందులు వచ్చాక 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇళ్లలోనే ఉంచి ఏడాది పాటు ఒకే మందులిచ్చారు. శానిటోరియంలో ఉన్నవాళ్లకు పాలూ గుడ్లూ విశ్రాంతీ దొరికాయి. ఇంట్లో ఉన్నవాళ్లు ఇరుకు గదుల్లో, దొరికింది తింటూ, పనులు చేసుకుంటూ మందులు మింగారు. చివరికి చూస్తే రెండు వర్గాలూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో మిగతావాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు.

ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యం తీరు మార్చేసింది. రోగిని కన్నబిడ్డల నుంచి ఏడాది పాటు వేరుచేయాల్సిన అవసరం పోయింది. మన గడ్డ మీద జరిగిన ఆ పనికి నేను ఈనాటికీ చేతులెత్తి మొక్కుతాను. అయితే దాన్నుంచి మేం నేర్చుకున్న పాఠంలో ఒక పొరపాటు దొర్లింది. శానిటోరియం అక్కర్లేదన్నది ఆ పరీక్ష చెప్పిన మాట. తిండి సంగతే అక్కర్లేదన్నది మేం దానికి కలుపుకున్న మాట. మందు ఒక్కటి సరిగా పడితే చాలు, మిగతాది మన పని కాదనుకున్నాం. నయమయ్యే సంగతి వేరు. జబ్బు ఎవరి ఇంట్లో అడుగుపెడుతుంది, మందు మొదలెట్టిన మొదటి రెండు నెలల్లో ఎవరు చనిపోతారు అన్న సంగతి వేరు. ఈ రెండో ప్రశ్నకు జవాబు మందు సీసాలో ఎప్పుడూ లేదు. 1944లో స్ట్రెప్టోమైసిన్ సంగతి లోకానికి తెలిసేనాటికే ఇంగ్లండులో క్షయ మరణాలు చాలా మేరకు తగ్గిపోయి ఉన్నాయి. తిండి మెరుగుపడటం వల్లనా, ఇళ్లు మెరుగుపడటం వల్లనా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మందు వల్ల కాదన్న దగ్గర మాత్రం వాదన లేదు.

ఇటీవల ఆ జవాబు మన దేశంలోనే దొరికింది. జార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ అనే వైద్య దంపతులు, వాళ్ల సహచరులు కలిసి 2,800 మంది క్షయ రోగుల కుటుంబాలతో చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. సగం ఇళ్లలో రోగికే కాక ఇంట్లోవాళ్లకు కూడా మనిషికింత అని నెలనెలా బియ్యం, కందిపప్పు ఇచ్చారు. పెద్దవాళ్లకైతే 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, వాటితో విటమిన్ మాత్రలు. అంతే. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. రోగుల సంగతి కూడా వాళ్లు చూశారు. మొదటి రెండు నెలల్లో బరువు అయిదు శాతం పెరిగినవాళ్లలో మరణం ముప్పు అరవై శాతం మేర తక్కువగా కనిపించింది. ఆ కాగితాలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిషన్ ముల్లు సున్నా మీద ఉందా లేదా అని రోజూ చూసిన నేను, ఎక్కిన మనిషి బరువు పెరగకపోతే ఎన్నిసార్లు ఎందుకని అడిగాను? తెమడలో క్రిమి లేదంటే చాలు, సంతోషంగా పంపేసేదాన్ని.

అప్పట్నుంచి ప్రతి కార్డు మీదా మొదటి రోజే అయిదు శాతం లెక్క కట్టి పెన్సిలుతో రాసుకుంటున్నాను. మెట్‌పల్లి ఆమెకు అది కిలో ముప్పావు. రెండు నెలలకు ముప్పై ఆరు దాటాలి.

రెండు నెలలకు తెమడ శుభ్రంగా వచ్చింది. ముల్లు మాత్రం ముప్పై అయిదు దగ్గర ఆగింది.

గుడ్లు తింటున్నావా అని అడిగితే తల వంచుకుంది. పోషణ కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఆమె ఖాతాలో పడుతోంది. ఈ పథకం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఖాతా లేకో, ఆధార్ కుదరకో అది అందనివాళ్లూ ఉన్నారు గానీ ఈమెకు అందింది. గుడ్లు తెచ్చింది కూడా. "పోరగాండ్లకు పెట్టిన డాక్టరమ్మా. వాళ్ల ముంగట నేనొక్కదాన్నే ఎట్ల తింట?" అంది. దీనికి ఏ వైద్య గ్రంథంలో జవాబుంది? తల్లి నోట్లోకి గుడ్డు వెళ్లాలంటే ముందు పిల్లల నోట్లోకి వెళ్లాలి. ఒక్క మనిషికి లెక్క కట్టి ఇచ్చిన సొమ్ము ఇంట్లోకి వెళ్లగానే నాలుగు వాటాలవుతుంది. ఆ తల్లిని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆ లెక్క కట్టిన పద్ధతినే తప్పుపడతాను.

ఇంకొక మాట కూడా చెప్పింది. గోలీలు మొదలుపెట్టిన మూడు వారాలకు విపరీతంగా ఆకలి పుట్టిందట, రాత్రిళ్లు మెలకువ వచ్చేదట. కోలుకుంటున్న ఒంటికి ఆకలి రావడం మా దృష్టిలో శుభవార్త. తినడానికి లేని ఇంట్లో అది కొత్త బాధ. ఆ బాధకు మాత్రలే మానేసినవాళ్లను నేను చూశాను. మొదట్లో వాళ్లను కేకలేసేదాన్ని. రిజిస్టరులో వాళ్ల పేరుకెదురుగా 'డిఫాల్టర్' అని రాసేవాళ్లం, బాకీ ఎగ్గొట్టినవాళ్లకు వాడే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆ మాట తీసేయమంది. మాట పోయింది, చూపు పోవడానికి ఇంకా టైము పడుతోంది. కేకలేసిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వాళ్లలో కొందరు మళ్లీ రాలేదు.

దాచుకునేవాళ్ల సంగతీ చెప్పాలి. మా ప్రాంతంలో పద్దెనిమిదేళ్ల పిల్లాడికి క్షయ అని చెబితే అతని మొదటి ప్రశ్న నయమవుతుందా అని ఉండదు. "ఎక్స్‌రేల మచ్చ పడ్తదా సార్?" అని పక్కనున్న మగ డాక్టరును అడుగుతాడు. గల్ఫ్ వెళ్లేవాళ్లకు మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పూర్తిగా నయమైనా పాత మచ్చ కనబడితే అన్‌ఫిట్. ఏజెంటుకు కట్టిన డబ్బు గంగలో కలుస్తుంది. అందుకని పేరు రిజిస్టరులోకి ఎక్కని చోటు వెతుక్కుంటూ తిరుగుతారు, దగ్గుతూనే. పెళ్లి కావలసిన అమ్మాయైతే ఊరు పేరు రాయొద్దని తల్లి చేతులు పట్టుకుంటుంది. సిబ్బంది బండి ఇంటి ముందు ఆగితే వాడకట్టంతా తెలుస్తుందని బస్టాండు దగ్గరికొచ్చి మందులు తీసుకున్నవాళ్లున్నారు. వీళ్లను మొండివాళ్లని ఎలా అంటాం?

మెట్‌పల్లి ఆమెను ఈసారి ఇంటిల్లిపాదినీ తీసుకురమ్మన్నాను. పరీక్షలు ఎలాగూ చేయాలి. అత్త వచ్చింది, అరవై దాటిన మనిషి, ఆమె వేళ్లు కూడా తంబాకుతో పసుపెక్కి ఉన్నాయి. కోడలికి తిండి పెట్టడం లేదా అని అడగడానికి సిద్ధమైన నేను, ఆ వేళ్లు చూసి మాట మార్చాను. మీరు ఏం తింటారు, ఎప్పుడు తింటారు అని ఆమెనే అడిగాను. కాసేపు నా వైపు చూసింది. ఇంతకుముందు ఎవరూ ఆ ప్రశ్న వేయలేదేమో.

"నేను గూడ అందరు తిన్నంకనే తిన్న బిడ్డా. మా అత్త గూడ గంతే."

ఇంట్లో బియ్యానికి కొదవ లేదంది. రేషన్‌లో మనిషికి 6 కిలోలు వస్తున్నాయి. పప్పు కొనాలి, నూనె కొనాలి, గుడ్డు కొనాలి. కొన్నది కొద్దిగా ఉంటే వరసలో చివరివాళ్ల దాకా రాదు. జార్ఖండ్‌లో పప్పు ఎందుకిచ్చారో, ఇంటిల్లిపాదికీ ఎందుకిచ్చారో నాకు ఆ బల్ల దగ్గర మరోసారి అర్థమైంది. రోగికి ఖాతాలో వెయ్యి వేయడం మంచిదే. దాతలు ముందుకొచ్చి పోషణ బుట్టలు ఇవ్వడమూ మంచిదే, కానీ దాత ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా ఉంటుంది. క్షయ తేలిన ప్రతి ఇంటికీ, రేషన్ దుకాణం నుంచే, ఆరు నెలల పాటు మనిషికి కిలోన్నర పప్పు ఇవ్వాలని నేను వెళ్లిన ప్రతి సమావేశంలో అడుగుతున్నాను. ఇక ముందూ అడుగుతాను. మాత్రలు ఉచితంగా ఇవ్వడం రోగికి మనం చేస్తున్న దయ అని ఇప్పుడెవరూ అనరు. పప్పు సంగతీ అలాగే చూడాలి.

ఆ రోజు అత్తకు నేను ఉపదేశమేమీ చేయలేదు. ముప్పై అయిదు దగ్గర ఆగిన ముల్లు చూపించి, ఎంత దాకా రావాలో చెప్పాను. ఆమె కోడలి వైపు తిరిగి, "గోలీలు వేసుకున్నంక నాతోని కూసోని తిను. నేను పెడ్త," అంది. అంతకుమించి మాట్లాడలేదు.

నాలుగో నెలలో ముగ్గురు వచ్చారు. కోడలు, అత్త, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి. తల్లి మిషన్ ఎక్కింది. ముప్పై ఏడు. అత్త వంగి డయలు చూసి, నా వైపు చూసి తలూపింది. అమ్మాయి బడి సంచి కింద పెట్టి, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి తనూ ఎక్కింది. పదమూడేళ్ల పిల్ల, ముప్పై ఒక్క కిలోలు. కార్డు మీద బిడ్డ బరువుకు గడి లేదు. తల్లి బరువు పక్కన, అంచున పెన్సిలుతో రాశాను.

"ఎంతున్నది?" అంది నాయనమ్మ.

చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత కొంగు ముడి విప్పి చిల్లర తీసి బల్ల మీద పెట్టింది, తాళంచెవులు పెట్టింది, గోడకు చెయ్యి ఆనించి ఒక్కో చెప్పే విప్పింది.

"నన్ను గూడ చూడు బిడ్డా," అంది.