గోడౌన్‌కి చిరునామా లేదు

రాజాంలో ఈమధ్య కెమెరా లేని కొట్టు కనబడడం అరుదైపోయింది. బంగారం కొట్లకైతే సరే, పాలకొండ రోడ్డులో టిఫిన్ సెంటర్లకి కూడా రెండేసి కెమెరాలు. బిగించడానికి వచ్చిన కుర్రాడు నిచ్చెన దిగి, డీవీఆర్ మెనూలోకి వెళ్లి, ‘పీటూపీ’ అన్నచోట ఆఫ్‌లైన్ పోయి ఆన్‌లైన్ వచ్చేదాకా చూస్తాడు. ఓనరు ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేయిస్తాడు. ‘అయిపోయింది సార్, హైదరాబాద్‌లో ఉన్నా చూసుకోవచ్చు’ అని డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. పాస్‌వర్డ్ ఊసు అతనూ ఎత్తడు, ఓనరూ అడగడు.

కొట్టులోని బొమ్మ ఫోన్‌లోకి ఏ దారిన వస్తోందన్నది ఇద్దరికీ అక్కర్లేని సంగతి. కానీ అక్కర ఉండాలి. 2016 అక్టోబరు 21న అమెరికాలో ఒక సైబర్ దాడి వల్ల ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మూగబోయాయి. ఆ దాడికి వాడుకున్న సైన్యంలో ఎక్కువ భాగం ఇలాంటి కెమెరాలూ డీవీఆర్‌లే. కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవి. 2021 ఆగస్టులో మాండియంట్ సంస్థ పరిశోధకులు ఇంకో లొసుగు బయటపెట్టారు. కోట్ల పరికరాల్లో ఉన్న ‘కాలే’ అనే వ్యవస్థలో, కెమెరా గుర్తింపు సంఖ్య ఒక్కటి దొరికితే చాలు, ఎవరైనా తామే ఆ కెమెరా అని నటించి ఓనరు పాస్‌వర్డ్ రాబట్టుకోవచ్చట. అంటే మన కెమెరానీ మన ఫోన్‌నీ కలిపే మధ్యవర్తి, పరిచయం చేసి తప్పుకోకుండా గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడన్నమాట.

మా హోల్‌సేల్ షావుకారు గారి పని నా మీద పడింది ఇదంతా తలకెక్కించుకున్నాకే. ఆయనకి కొట్టు ఒకచోట, చీపురుపల్లి రోడ్డులో గోడౌన్ ఇంకోచోట. గోడౌన్ కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ, దాని పక్కనే డీవీఆర్. పెద్దబ్బాయిది హైదరాబాద్‌లో ఉద్యోగం. ‘మాస్టారూ, గోడౌన్ లెక్క కొట్టులో కూచుని చూడాలి, బాబు అక్కణ్నించి చూడాలి. మూడో మనిషి మాత్రం చూడకూడదు. అవుతాదేటి?’ అన్నారు. ఒక పెద్ద పుస్తకం అంత విషయాన్ని ఇంతకంటే పొందిగ్గా చెప్పినవాళ్లని నేను చూడలేదు.

అవుతుంది. కానీ మొదటి అడ్డంకి ఆ గోడౌన్‌కి ఇంటర్నెట్‌లో చిరునామా లేకపోవడం. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అయినా పాత జిల్లా పేరు రాసిన ఉత్తరాలు కూడా మా ఇంటికి చక్కగా చేరుతున్నాయి. నెట్ సంగతి వేరు. పాత పద్ధతి చిరునామాలు మొత్తం 430 కోట్ల లోపే. ఆసియా పసిఫిక్ వాటాలో మామూలుగా పంచేవి 2011 ఏప్రిల్‌కే అయిపోయాయి. అప్పట్నించీ కేబుల్ నెట్ వాళ్లూ ఫోన్ కంపెనీలూ ఒక్క చిరునామా వెనకాల ఎన్నో ఇళ్లని సర్దుతున్నారు. మీ రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ అన్నచోట చూడండి. మొదటి సంఖ్య 100, రెండోది 64కీ 127కీ మధ్య ఉంటే మీరూ ఆ గుంపులోవారే. లోపల్నించి బయటికి పిలవగలరు, బయటివాళ్లు మిమ్మల్ని పిలవలేరు. ఇంటర్నెట్ పుట్టినప్పుడు ఇరువైపులా సమానులనుకున్నారు. మన దగ్గరికి వచ్చేసరికి ఒకడు అంగడివాడు, మిగిలినవాళ్లంతా గిరాకీలు అయిపోయారు. నాకు దీని మీద కాస్త కోపం కూడా ఉంది.

నెలనెలా డబ్బు కట్టి స్థిరమైన ఐపీ కొనుక్కోవచ్చు. లేదంటే రెండు వైపుల నుంచీ ఒకేసారి తలుపు తీయించాలి. ఎవరైనా లోపల్నించి ఒక పొట్లం బయటికి పంపితే, జవాబు వస్తుందేమోనని రౌటర్ కాసేపు చిన్న సందు తెరిచి ఉంచుతుంది. కొట్టుకి గోడౌన్ సందు ఎక్కడుందో, గోడౌన్‌కి కొట్టు సందు ఎక్కడుందో చెప్పే మూడోవాడు ఒకడుంటే చాలు. ఇద్దరూ ఒకరి సందులోకి ఒకరు పంపుకుంటారు. మూడోవాడు అక్కడితో తప్పుకుంటాడు. కొన్ని రౌటర్లు మాత్రం అవతలివాడు మారినప్పుడల్లా సందు కూడా మారుస్తాయి. అప్పుడు ఈ పాచిక పారదు, మధ్యలో ఎవరో ఒకరు మోసిపెట్టాలి. షావుకారు గారి విషయంలో మొదట్లో అదే అయింది. సైకిల్ మీద వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న గోడౌన్‌కి ఆయన లెక్కలు బెంగళూరు మీదుగా వెళ్లాయి. తాళం వేసిన పెట్టె కనక మోసేవాడికి లోపలేముందో తెలియదు, నెమ్మది మాత్రం తెలుస్తుంది.

ఆ తాళమే వైర్‌గార్డ్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాసింది. 2020 మార్చిలో లినక్స్ కెర్నల్ 5.6లో చేరింది. అసలు కోడ్ నాలుగు వేల లైన్ల లోపే, అంటే ఓపికున్న మనిషి కూర్చుని మొత్తం చదవగలడు. నాకు నచ్చింది దాని మౌనం. జాబితాలో లేనివాడు తలుపు కొడితే ‘ఎవరు’ అని కూడా అడగదు, అసలు జవాబే ఇవ్వదు. బయటినుంచి వెతికేవాడికి అక్కడేదో ఉందన్న సంగతే తెలియదు. మనకైనా అంతే, కనెక్ట్ అయిందని పచ్చ దీపం వెలిగించదు. ‘లేటెస్ట్ హ్యాండ్‌షేక్’ అన్న వరస కింద ఇన్ని సెకన్ల క్రితం అని పడితే పని జరిగినట్టు. ఆ వరసే రాకపోతే ఎక్కడో అక్షరం తేడా పడి ఉండొచ్చు.

అక్షరాలంటే, ఒక్కో యంత్రానికి రెండు తాళంచెవులుంటాయి. రహస్యమైనది ఆ యంత్రం దాటకూడదు. రెండోది అందరికీ ఇవ్వచ్చు, 44 అక్షరాల చాంతాడు, చివర ఎప్పుడూ ఈక్వల్స్ గుర్తు. అబ్బాయి హైదరాబాద్ నుంచి తనది వాట్సాప్‌లో పంపాడు. అది అతనే పంపాడని ఖాయం చేసుకోవాలి కదా, ఫోన్ చేసి చదివించాను. ‘పెద్ద ఆర్, చిన్న కె, ఏడు, ప్లస్సు...’ అవతల అతను, ఇవతల వేలు పెట్టి చూస్తూ షావుకారు గారు. ‘అది ఓ అక్షరమా, సున్నాయా?’ అని ఆయన ఆపినప్పుడు నాకు ముచ్చటేసింది. బ్యాంకు చెక్కు కూడా ఆయన అంత శ్రద్ధగా చూడరు. ఫోన్‌లోకి ఎక్కించడానికి క్యూఆర్ బొమ్మ దారి ఉంది, సులువే. కానీ కంప్యూటర్‌లో తయారుచేసిన ఆ బొమ్మలో రహస్యపు చెవి కూడా ఉంటుంది. ఎదురుగా పట్టుకుని స్కాన్ చేయించాలి తప్ప వాట్సాప్‌లో పంపకూడదు.

యంత్రాలు మూడో నాలుగో అయితే చేత్తో రాసుకోవచ్చు. అయిదుకి పది జతలు, పదికి 45 జతలు. ప్రతి జతకీ ఒకరి చెవి ఇంకొకరి దగ్గరుండాలి. అందుకే టెయిల్‌స్కేల్ లాంటివి వచ్చాయి. చెవుల పంపకం, సందుల కబురు అవి చూసుకుంటాయి, రహస్యాలు మన యంత్రాల్లోనే ఉంటాయి. కాకపోతే అందులోకి మామూలుగా వెళ్లేది జీమెయిల్‌తో. మన ఊళ్లలో జీమెయిల్ తెరిచేదెవరు? కొత్త ఫోన్ కొన్నరోజు సెల్ షాపు కుర్రాడు. పాస్‌వర్డ్ అతనికి తెలుసు, ఓనరుకి తెలియదు. అంత పకడ్బందీ తాళం వేసి, దాని హక్కు ఆ జీమెయిల్‌కి రాసిచ్చేస్తే ఏం లాభం? షావుకారు గారి దగ్గర ఎక్కువసేపు పట్టింది ఈ పనికే. కొత్త పాస్‌వర్డ్, రెండో అంచె ధ్రువీకరణ, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో.

ఇలాంటి సొంత దారినే వీపీఎన్ అంటారు. ‘వీపీఎన్ అంటే కేసేమో’ అని కొందరు భయపెట్టారట ఆయన్ని. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు, జనానికి వీపీఎన్ అమ్మే కంపెనీలు ఖాతాదారుల వివరాలు అయిదేళ్లు దాచాలన్నవి. సంస్థలు సొంతానికి నడుపుకునే వీపీఎన్‌లకి అది వర్తించదని వాళ్లే వివరణ ఇచ్చారు. తన గోడౌన్‌ని తను చూసుకోవడం నేరం కాదు.

చేర్చడం కంటే తీసేయడం ముఖ్యమని నా అభిప్రాయం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కుతూ గుమస్తా ఫోన్ పోగొట్టుకున్నాడనుకోండి, ఆ రాత్రే అతని చెవి జాబితాలోంచి పోవాలి. అది నేను చేయడం కాదు, షావుకారు గారి చేతే చేయించాలని పట్టుబట్టాను. ఒక పాత ఫోన్ చేర్పించి, తీయించి, మళ్లీ చేర్పించి, మళ్లీ తీయించాను. నాలుగోసారికి విసుక్కున్నారు గానీ చేతికి పట్టుబడింది. ఎవరు ఏ యంత్రం దాకా వెళ్లొచ్చో విడివిడిగా రాసుకోవచ్చని చెప్పినప్పుడు మాత్రం కళ్లజోడు సవరించుకుని దగ్గరికి జరిగారు.

‘అయితే మాస్టారూ, మా అల్లుడుగారి ఫోన్ కూడా కలపండి. మనసు కష్టపెట్టుకుంటారు లేకపోతే.’

‘కలుపుదాం. ఏం చూడనిద్దాం?’

‘కెమెరాలు సూసుకోనీండి. ట్యాలీ ఒద్దు.’