తీర్పుల్లో కనిపించని పెంపకం

భార్యాభర్తలు విడిపోయినప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నని మనం లాయర్లకి వదిలేస్తాం. కథనీ నవలనీ స్త్రీల వైపు నుంచి చదవడం నేర్చుకున్నవాళ్లం చట్టాన్ని మాత్రం అలా చదవం. కానీ చట్టం కూడా మాటలతో కట్టిందే. అందులో ఏ మాట ఉంది, ఏ మాట లేదు అన్నది చూడాల్సిందే.

'కస్టడీ' అన్న మాటనే తీసుకుందాం. తెలుగువాళ్లకి ఈ మాట వినగానే ముందు పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. 'స్వాధీనం' అని తెలుగు చేస్తే పొలమో ఇల్లో గుర్తొస్తుంది. పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదని సుప్రీంకోర్టు రోజీ జేకబ్ కేసులో 1973లోనే చెప్పింది. ఆ మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లో వచ్చింది. దాని 6వ సెక్షన్ ప్రకారం బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన 'తర్వాత' తల్లి. ఐదేళ్లు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. అంటే ఎత్తుకుని తిప్పే వయసులో చాకిరీ ఆమెది, సంతకం ఆయనది. కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్ల కోసం సంరక్షకురాలిగా తాను సంతకం పెడితే చెల్లలేదని నవలా రచయిత్రి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా అని కోర్టు 1999లో అర్థం చెప్పింది. మంచి తీర్పే. కానీ సెక్షన్‌ని కొట్టెయ్యలేదు, మాటని సాగదీసింది. తండ్రి పట్టించుకోవడం లేదని ఇప్పటికీ తల్లి చూపించుకోవాలి. తాను పెంచుతోందన్నది ఒక్కటే చాలదు. తండ్రికిచ్చిన ఈ మొదటి స్థానాన్ని తీసెయ్యమని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో చెప్పినా ఆ వాక్యం ఇంకా చట్టంలోనే ఉంది.

ఇక 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. బిడ్డ సంక్షేమాన్ని తేల్చేటప్పుడు సంరక్షకుల 'క్యారెక్టర్'నీ, శక్తినీ చూడమంటుంది. క్యారెక్టర్ అంటే మగవాడి విషయంలో ఉద్యోగం, తాగుడు, అప్పులు. ఆడదాని విషయంలో శీలం. ఆమె ఎన్నింటికి ఇల్లు చేరింది, ఫోనులో ఎవరితో మాట్లాడింది అన్నవి సాక్ష్యాలవుతాయి. తండ్రి ఆఫీసుకి వెళ్తే నానమ్మ చూసుకోవడం 'నిండైన కుటుంబం'. తల్లి ఆఫీసుకి వెళ్తే అమ్మమ్మ చూసుకోవడం 'తల్లికి తీరిక లేకపోవడం'. ఇలాంటి వాదనల మధ్య, తల్లిని బిడ్డా ఉద్యోగమా తేల్చుకోమనడం సరికాదని సుప్రీంకోర్టు 2010లో విక్రమ్ వీర్ వోహ్రా కేసులో చెప్పాల్సి వచ్చింది. ఐదేళ్లలోపు బిడ్డ విషయంలో తల్లి తన యోగ్యతని రుజువు చేసుకోనక్కర్లేదు, ఆమె తగదని తండ్రే చూపించాలి అని 2015లో రాక్సన్ శర్మ కేసులో చెప్పాల్సి వచ్చింది.

ఎందుకిలా జరుగుతుందో నాకు తీర్పులకన్నా ఒక నవల బాగా చెప్పింది. మన్నూ భండారీ 1971లో ప్రచురించిన హిందీ నవల 'ఆప్ కా బంటీ'. తల్లి శకున్ కాలేజీ ప్రిన్సిపాల్. తండ్రి అజయ్ కలకత్తాలో ఉంటాడు, అప్పుడప్పుడు వస్తాడు, బొమ్మలు తెస్తాడు. అతనికి మరో స్త్రీతో సంసారం ఏర్పడటం మనకి కబురులా చేరుతుంది. శకున్ మళ్లీ పెళ్లి చేసుకోవడం మాత్రం బంటీ కళ్లముందే, గంటగంటకీ జరుగుతుంది. అందుకే మన కోపం ఆమె మీదికి మళ్లుతుంది. రోజూ పెంచే మనిషి విసుగూ అలసటా కోరికా అన్నీ బిడ్డకి కనిపిస్తాయి. చుట్టపుచూపుగా వచ్చే మనిషి తప్పులు కనిపించవు.

ఫ్యామిలీ కోర్టులోనూ జరిగేది ఇదే. పెంపకం చేసినవాళ్ల దగ్గరే లోపాల చిట్టా తయారవుతుంది. జ్వరం వస్తే ఆలస్యంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిందన్నది ఆరోపణ. అసలు తీసుకెళ్లని వాడి మీద ఆరోపణ ఉండదు.

దీనికి జవాబుగా 'తల్లి మనసు' అనే వాదాన్ని మనం నెత్తికెత్తుకోవడం నాకు ఇష్టం లేదు. అది షరతులతో ఇచ్చే గౌరవం. ఆమె ఉద్యోగానికి వెళ్లినా, మళ్లీ పెళ్లాడినా వెనక్కి తీసుకుంటారు. ఉమ్మడి కస్టడీ మీదా నాకు అనుమానమే. విడిపోకముందు సగం పని చెయ్యని మనిషికి విడిపోయాక సగం హక్కు ఇస్తే, మిగతా సగమే కాదు మొత్తం పనీ మళ్లీ ఆమె మీదే పడొచ్చు. నిజంగా పెంచిన తండ్రి ఉంటే బిడ్డ అతని దగ్గరే ఉండనీ.

కోర్టు అడగాల్సినవి మామూలు ప్రశ్నలు. టీకాలు వేయించింది ఎవరు? స్కూల్లో టీచరు పేరు ఎవరికి తెలుసు? రాత్రి దగ్గొస్తే లేచేది ఎవరు? ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చని ఆ 1890 చట్టమే అంటోంది. బంటీని ఎవరూ అడగలేదు. తల్లి దగ్గర్నుంచి తండ్రి దగ్గరికి, అక్కణ్నుంచి హాస్టల్‌కి పంపించారు.