చువ్వల మీద సంసారం

ఒక ఇంటి సంగతి తెలుసుకోవాలంటే ముందుగదిలో కూర్చుని కాఫీ తాగితే తెలియదు. ముందుగది అట్టమీది బొమ్మ లాంటిది. పుస్తకం ఎలాంటిదో లోపలి పేజీలు తిప్పితేగాని బయటపడదు. ఇంటికి లోపలి పేజీ ఏదయ్యా అంటే, సామాను పెట్టుకునే చోటు. బియ్యం బస్తా ఎక్కడుంది, ఉల్లిపాయలు ఎక్కడ పోశారు, పండక్కి తీసే పెద్ద గిన్నెలు మిగతా ఏడాదంతా ఎక్కడ దాక్కుంటాయి, పిల్లల నిరుటి పుస్తకాలు మంచం కింద వున్నాయా మంచం మీద వున్నాయా - ఇవి చూస్తే ఆ ఇంటి ఆదాయం, వ్యయం, ఓపిక అన్నీ తెలిసిపోతాయి.

ఈమధ్య చాలా ఇళ్ళలో ఆ లోపలి పేజీ ఒకే అచ్చులో కనబడుతోంది. నాలుగు నిలువు గొట్టాలు, వాటి నడుమ నాలుగో అయిదో అరలు, ప్రతి అరా సన్నటి ఇనప చువ్వలు పేర్చి అతికిన జల్లెడ. దుకాణంలో వైర్ ర్యాకు అంటారు. ఇళ్ళలో కొందరు స్టాండు అంటారు, కొందరు తీగల ర్యాకు అంటారు. కథల్నీ కవితల్నీ విమర్శించేవాళ్ళు మనకి కావలసినంతమంది వున్నారు. నెలజీతంలోంచి డబ్బు తీసి కొనుక్కుని, ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి చూడవలసిన ఈ రచన గురించి మాత్రం ఎవరూ నాలుగు ముక్కలు రాయరు. ఆ లోటు కాస్త తీర్చుదామని ఈ ప్రయత్నం.

ముందు పుట్టుపూర్వోత్తరాలు. మన పాత ఇళ్ళలో సామానుకి చోటు చూపించే బాధ్యత ఇంటిదే, ఇంట్లోవాళ్ళది కాదు. గోడలు మందంగా వుండేవి. ఆ మందంలోనే గూళ్ళు. గూటికి తలుపు పెడితే అలమర. పైన అటక, దూలానికి ఉట్టి, గోడకి చిలక్కొయ్య, ధాన్యానికి గాదె, విలువైన వాటికి భోషాణం. ఇల్లు కట్టేటప్పుడే సంసారానికి కావలసిన చోటూ కట్టేవారు. తరవాత ఇటుక గోడలు తొమ్మిదంగుళాలకీ, నాలుగున్నర అంగుళాలకీ దిగాయి. గూడు పెట్టడానికి గోడలో పొట్ట లేకపోయింది. అయినా అద్దె ఇళ్ళ వంటగదుల్లో కడపరాయి అరలు రెండో మూడో వుండేవి. నల్లగా, చల్లగా, ఇత్తడి బిందెలు పెట్టినా కిక్కురుమనకుండా మోసేవి.

ఇప్పుడు కొత్త అపార్టుమెంట్లు చాలావాటిలో ఆ రాళ్ళూ లేవు. గోడలు నున్నగా, ఖాళీగా వుంటాయి. అరలు కావాలంటే ఫ్లాటు కొన్నవాడు ప్లైవుడ్డుతో చేయించుకోవాలి. ఆయన చేయించకుండానే అద్దెకిచ్చేస్తే, అద్దెకొచ్చినవాడి గతేమిటి? మేకు కొట్టొద్దని ఇంటివాళ్ళు తాళంచెవి ఇస్తూనే చెబుతారు. గోడకి తగిలించకూడదు, నేలమీద పరిస్తే నడవడానికి చోటుండదు. ఇక సామాను గాల్లో నిలబడాలి. గాల్లో నిలబెట్టేదే ఈ తీగల ర్యాకు. మేకు కొట్టే హక్కు లేనివాడి గోడ అన్నమాట ఇది. ఇల్లు మారేటప్పుడు ఊడదీసి, కట్ట కట్టి, వెంట తీసుకుపోగలిగిన గోడ. కనక దీని మంచిచెడ్డలు పట్టించుకోవడం షోకు కాదు, అవసరం.

అసలు ఈ అవతారం వంటింటి కోసం ఎత్తింది కాదు. లండనులో డెమెట్రియస్ కొమినో అనే ఆయన 1947లో డెక్సియన్ కంపెనీ పెట్టి, పొడుగునా చిల్లులున్న ఇనప కోణాలు అమ్మకానికి పెట్టాడు. నట్లూ బోల్టులూ బిగించి ఎవరికి కావలసిన ఆకారం వాళ్ళు కట్టుకోవచ్చు. మన ఆఫీసు రికార్డు గదుల్లో దుమ్ము పట్టిన ఫైళ్ళు మోస్తున్న స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు ఆ వంశం వాళ్ళే. చువ్వల అరది వేరే శాఖ. 1960లలో అమెరికాలో మెట్రోపాలిటన్ వైర్ అనే కంపెనీ తెచ్చిన నమూనా ఆస్పత్రుల్లోనూ హోటలు వంటశాలల్లోనూ స్థిరపడిపోయింది. అందులో బోల్టే వుండదు. నిలువు గొట్టం మీద అంగుళానికొక గాడి. గాడిని కరుచుకునేలా రెండు చెక్కల ప్లాస్టిక్ తొడుగు, పైన సన్నం, కింద లావు. అర మూలనున్న కంకణం దానిమీదికి జారి కూర్చుంటుంది. పైన బరువు పెరిగినకొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది. బరువు పెరిగితే సడలిపోయే బంధాలే చుట్టూ చూస్తున్న మనకి ఇది కొంచెం ముచ్చటగానే వుంటుంది.

ఇక గుణాలు. మొదటి గుణం గాలి. ఉల్లిపాయలకీ బంగాళాదుంపలకీ కిందనించి కూడా గాలి తగలాలి. చెక్క అరమీద చెమ్మ పట్టి కుళ్ళే ఉల్లిపాయ చువ్వల మీద మరికొన్నాళ్ళు నిలుస్తుంది. (రెండింటినీ ఒకే అరలో కలిపి మాత్రం పొయ్యకండి. ఒకదాని పక్కన ఒకటి త్వరగా పాడవుతాయి.) రెండో గుణం నిజాయితీ. బీరువా దాస్తుంది, తీగల ర్యాకు చూపిస్తుంది. వెనకాల ఏముందో కనబడక, ఇంట్లో వున్న కందిపప్పునే మళ్ళీ కొనుక్కొచ్చే బాధ తగ్గుతుంది. నలుగురూ వచ్చినప్పుడు మన బీదరికం కూడా కనబడుతుంది నిజమే. దానికి పాత చీర తెర కట్టుకుంటే సరిపోతుంది.

దోషాలూ వున్నాయి. చిన్న సీసా పెడితే ఒక కాలు చువ్వమీద, ఒక కాలు సందులో పడి, తాగినవాడిలా వాలుతుంది. పై అరలో నూనె ఒలికితే కింది మూడు అరలకీ అభిషేకం. పుస్తకాల అడుగున చువ్వల వాతలు తేలతాయి. వీటికి మందు సులువే. పాత కేలండరు అట్టో, మందపాటి ప్లాస్టిక్ షీటో అరమీద పరిస్తే చాలు. చీమల కోసం కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టే అలవాటు మాత్రం ఇక్కడ పనికిరాదు. చీమలు రావు గానీ తుప్పు వస్తుంది.

ఇంతవరకూ పైపై మాటలు. అసలు విమర్శ ఇప్పుడు మొదలవుతుంది. ఒకేలా కనబడే రెండు ర్యాకులు దుకాణంలో పక్కపక్కన వుంటాయి. ఒకటి పదిహేను వందలు, ఒకటి నాలుగువేలు అనుకోండి. ఎత్తు అదే, వెడల్పు అదే, మెరుపు కూడా అదే. ఒక్కోసారి చవకదే ఎక్కువ మెరుస్తుంది. తేడా ఎక్కడుంది? చువ్వ లావులో వుంది. 3 మిల్లీమీటర్ల చువ్వకి బదులు 4 మిల్లీమీటర్ల చువ్వ వేస్తే ఇనుము రెట్టింపు కూడా పట్టదు. వంగకుండా నిలిచే శక్తి మాత్రం మూడు రెట్లు దాటుతుంది. అదే లెక్క తిరగేస్తే, తయారుచేసేవాడు ఒక్క మిల్లీమీటరు తగ్గించి మిగుల్చుకునే ఇనుము కొంచెం, మనం పోగొట్టుకునే బలం బోలెడు. ఆ మిల్లీమీటరు కంటికి ఆనదు. బియ్యం బస్తాకి ఆనుతుంది.

రెండో లెక్క పొడుగుది. బరువు అంతే వుండి, అర మూడడుగుల నించి నాలుగడుగులకి పెరిగితే, వంపు రెట్టింపుకి పైగా పెరుగుతుంది. అందుకని చవకలో కొనదలచినవాళ్ళు పొడుగాటిది ఒకటి కొనడంకన్నా పొట్టివి రెండు కొనడం మేలు. మూడోది, పెట్టెమీద అచ్చువేసే బరువు సంగతి. అరకి ఇన్ని కిలోలు మోస్తుందని రాస్తారు. ఆ బరువు అరంతటా సమానంగా పరిచినప్పటి మాట. పాతిక కిలోల బస్తాని నట్టనడుమ కుదేస్తే, దాన్ని అరంతటా పరిచినప్పటికంటే చువ్వ మీద వంపు ఒత్తిడి రెట్టింపవుతుంది. బస్తాని అడుగు అరలో, ఓ పక్కగా, కాలికి దగ్గరగా పెట్టాలి. మనుషుల్లాగే ర్యాకులు కూడా తల బరువెక్కితే పడతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో పై అరని కిటికీ చువ్వకి గట్టి తాడుతో కట్టేయండి. కిటికీకి తాడు కట్టొద్దని ఏ ఇంటివాళ్ళూ ఇంకా అనడం లేదు.

మంచి అరని గుర్తుపట్టడానికి సుళువైన ఉపాయం ఒకటుంది. అంచు చూడండి. ఒకే చువ్వ అంచుగా వుంటే అది తేలిక సరుకు. పైన ఒక చువ్వ, కింద ఒక చువ్వ, రెంటి మధ్య రంపపు పళ్ళలా వంచి అతికిన తీగ వుంటే అది రైలు వంతెన కట్టే పద్ధతి, మోస్తుంది. ఆ తరవాత రెండు చేతులతో పట్టుకుని ఐమూలగా ఊపండి. దుకాణంలోనే ఊగేది ఇంటికొచ్చాక భక్తిగా నిలబడదు. ఇంకా అనుమానముంటే తూయించండి. కొలతలు ఒకటే అయినప్పుడు ఎక్కువ తూగేదాంట్లోనే ఇనుము ఎక్కువ. రేకు అరలవాళ్ళు చెప్పే గేజి లెక్క మాత్రం తిరకాసుది. 20 గేజి అంటే 16 గేజి కంటే గొప్ప అనుకునేరు. గేజి అంకె పెరిగితే రేకు పల్చబడుతుంది.

పూత గురించి కూడా చెప్పుకోవాలి. అద్దంలా మెరిసేది నికెలు మీద క్రోమియం పూత. బూడిదరంగులో నిస్తేజంగా కనిపించేది జింకు పూత. రెండింటి స్వభావాలూ వేరు. జింకు పూతకి గీత పడితే, పక్కనున్న జింకు తాను అరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. నికెలు అలా కాదు. గీత పడ్డచోట తాను చెక్కుచెదరకుండా నిలబడి ఇనుముని తుప్పుకి అప్పగిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఈ భేదం తొందరగా బయటపడుతుంది. స్టెయిన్‌లెస్ అని చెప్పి అయస్కాంతం అంటించి చూపించేవాళ్ళు కూడా వున్నారు. అంటుకోకపోతే మేలిరకమట! 304 రకానికీ అంటుకోదు, అంతకంటే నికెలు తక్కువగా వుండి తొందరగా మచ్చలు పడే 202 రకానికీ అంటుకోదు. కాబట్టి అయస్కాంతం సాక్ష్యం ఈ కోర్టులో చెల్లదు. అడగవలసింది రకం నంబరు. దాన్ని బిల్లుమీద రాయించుకోవాలి.

చవగ్గా ఎక్కడ దొరుకుతాయంటారా? కొత్తవే కావాలంటే గిన్నెల బజార్లలో, హైదరాబాదు బేగంబజారు లాంటి చోట్ల, నాలుగు కొట్లు తిరిగి బేరమాడవచ్చు. పాతవాటి మీద చిన్నచూపు అక్కర్లేదు. మూసేస్తున్న దుకాణాలు, హోటళ్ళు అమ్మేసే ర్యాకులు ఇళ్ళకోసం చేసిన చవకరకం కంటే బరువుగా వుంటాయి. జుమ్మేరాత్ బజారు లాంటి పాత సామాన్ల సంతలున్నది అందుకే. తుప్పు పైపైనే వుంటే గీకి రంగు వేసుకోవచ్చు. వెల్డింగు అతుకుల దగ్గర తినేసి వుంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. వీధి చివర వెల్డింగు షాపతను మీ మూల కొలతకి సరిపడా యాంగిల్ స్టాండు చేసిస్తాడు. అది గట్టిది, మన్నేది. కానీ ఊడదు. సొంత ఇంటివాడికి మంచిది. రెండేళ్ళకోసారి మెట్లు దిగి మెట్లెక్కే అద్దె సంసారికి దాంతో అవస్థే.

మొత్తంమీద తీగల ర్యాకు మంచి రచనే. ఆడంబరం లేదు, తక్కువ చోటులో ఎక్కువ చెబుతుంది, ఏ ఇంట్లోనైనా ఇముడుతుంది. చెడగొడుతున్నది ప్రచురణకర్తలు. పూత మీద పెట్టిన శ్రద్ధలో సగం చువ్వ మీద పెట్టరు. పెట్టెమీద ధర అచ్చువేసినట్టే చువ్వ లావూ, ర్యాకు బరువూ అచ్చువేస్తే కొనేవాళ్ళకి అయస్కాంతాలూ జ్యోతిష్యాలూ అక్కర్లేదు. చవకది కొనేవాడు చవకది కావాలని కొనడు, చేతిలో వున్నది అంతే కనక కొంటాడు. వాడికే వంగిపోయే సరుకు అంటగడితే, రెండేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ కొంటూ, చివరికి నాలుగువేల ర్యాకు ఖరీదు వాడే కడతాడు.

ఇళ్ళు కట్టేవాళ్ళకి కూడా ఒక్క విన్నపం. స్విమ్మింగు పూలు సంగతి తరవాత చూసుకోవచ్చు. వంటింట్లో ఓ మూల కడపరాయి అరలు రెండు పెట్టించండి. మీకయ్యే ఖర్చు ఇంటి ఖరీదులో లెక్కకి రాదు. ఆ ఇంట్లో కాపురముండే ఇల్లాలికి మాత్రం, నడుం వంచి మంచం కిందనించి బియ్యం డబ్బా లాక్కునే పని జన్మంతా తప్పుతుంది.