పొర ఒలిచే చెయ్యి

కొత్త బేస్ గిటార్ పిక్‌గార్డ్ మీది ప్లాస్టిక్ పొరను ఎవరైనా లాగేస్తారు. అంచుల్లో చిరుగులు మిగలకుండా తీసేది మాత్రం పనితనం తెలిసిన రిపేరు మనిషే. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌నే చూడండి. ఇప్పటి మోడళ్లలో పిక్‌గార్డ్‌కు మామూలుగా 13 స్క్రూలు; పొర వాటన్నిటి కిందా ఇరుక్కుని ఉంటుంది.

రిపేరు మనిషి తీగలు వదులు చేసి, నాబ్‌లు ఊడదీసి, స్క్రూలను కాస్త సడలిస్తాడు. పొరను నిలువుగా ఎత్తడు. వెనక్కి మడిచి, పడుకోబెట్టి లాగుతాడు. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్ గాలి, అదీ దూరం నుంచి. బ్లేడును దగ్గరికి రానివ్వడు.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని. పూర్తిగా ఊడి వచ్చిన స్క్రూను బిగించే ముందు ఎడమకు తిప్పుతాడు. పాత మరలో టక్కున కూర్చున్నాకే కుడికి. లేకపోతే కొయ్యలో కొత్త గాడి పడి పట్టు పోతుంది. పొర ఒలిచినప్పుడు పుట్టిన స్థిర విద్యుత్తుతో ఆంప్‌లో చిటపటలు వినిపిస్తే, కంగారు పడకుండా కాస్త తడి గుడ్డతో పిక్‌గార్డ్‌ను తుడుస్తాడు.

దీనికి విడిగా డబ్బులడగడు, సెటప్‌లో కలిపేస్తాడు. అడగాలనే నేనంటాను.